తోలని కారుకి ఇన్ని కోట్లా!

బరంపురంలో మా మావయ్య మెకానిక్ షెడ్డులో కూర్చుని ఆయనకి ఫోన్లో 2021 నాటి పెబుల్ బీచ్ వేలం, అదే అమెరికాలో జరిగిన పాతకార్ల వేలం, చూపించాను. అందులో బ్రిటన్‌లో చేసిన స్పోర్ట్స్ కారు, 1995 మెక్‌లారెన్ ఎఫ్1. ఆ మోడల్ మొత్తం చేసినవే 106. ఇదైతే 400 కిలోమీటర్లు కూడా తిరగలేదు. పలికిన ధర 2 కోట్ల 4 లక్షల డాలర్ల పైమాటే!

ధర విని మావయ్య చలించలేదు. డ్రైవరు సీటు నడిమధ్యన, చెరోపక్క కాస్త వెనగ్గా ఇద్దరికి చోటు... అది చూసి "మన ఆటోలాగే ఉందేట్రా!" అని ఒకటే నవ్వు. ఇంజిన్ గదిలో వేడిని తిప్పికొట్టడానికి అతికించిన బంగారు రేకు కనబడగానే మాత్రం, చేతి గ్రీజు తుడుచుకుని ఫోను లాక్కున్నాడు.

"తోలకపోతే రబ్బరు సీళ్లు ఎండిపోవేట్రా?" అన్నాడు. నిజమే. ట్యాంకులోని ఇంధన సంచిని కూడా, బండి తిరిగినా తిరక్కపోయినా, కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే.

నాకైతే ఆ కొన్నవాళ్ల మీద కుళ్లు లేదు, జాలే. 1998లో గంటకి 386 కిలోమీటర్లు దాటిన జాతి అది, దానికి గుడ్డ కప్పి దాచడమేటి? మావయ్య ఒప్పుకోలేదు. "ఒక్కటైనా అలా ఉండాల్రా. లేపోతే కంపెనీ బోల్టేదో, మనలాంటోళ్లు మార్చిందేదో ఎలా తెలుస్తాది?"

అది మాత్రం పాయింటే.