పాతపట్నం దాకా వస్తావా?

మావాడిది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఆమధ్య డాక్టర్ షుగర్ పేరు చెప్పి బెదిరించేసరికి ఇరవయ్యొక్క గేర్ల సైకిల్ కొన్నాడు. ఆర్నెల్లుగా దాని మీద వాళ్లింట్లో తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు. "నువ్వొస్తేనే మొదలెడతాన్రా" అని ఫోన్లో ఒకటే పోరు. సరేనని నా సైకిల్ని లగేజీలో వేయించి విశాఖలో గుణుపూర్ పాసింజర్ ఎక్కాను. నౌపడా దగ్గర మెయిన్ లైన్ వదిలి రైలు లోపలికి తిరుగుతుంది. 1900లో రాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడికి వేయించిన నారోగేజి దారి ఇదే. బ్రాడ్‌గేజ్ అయ్యాక ఆ బుల్లి రైలు పోయింది గానీ దారి పొడుగునా పొలాలు, కొండలు అలాగే ఉన్నాయి.

సాయంత్రం సైకిల్ చూశాను. టైర్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. ఎంత గాలి పట్టాలో టైర్ పక్కనే అచ్చు వేసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఇక సీటు! రెండు పాదాలూ నేలకి ఆనాలని అడుగంటా దించేశాడు. అలా తొక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, రెండో రోజుకి నొప్పులు. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ పూర్తిగా కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి, అదీ లెక్క. పానా తీసుకుని ఆ ఎత్తుకి లేపాను.

"ఏట్రా ఇది, ఆగినప్పుడు పడిపోనా?"

అసలు భయం అక్కడుంది. పెద్దయ్యాక మళ్లీ సైకిలెక్కే వాళ్లకి తొక్కడం కష్టం కాదు, ఆగడమే కష్టం. బ్రేక్ నొక్కుతూ, ఒక పెడల్ కిందికి తెచ్చి, దాని మీద బరువు వేసి సీటు వదిలి ముందుకి జరగాలి. అప్పుడు రెండో కాలు నేల మీద పెట్టాలి. సీటు మీద కూర్చునే కాలు చాపితే సైకిల్ ఒరిగిపోతుంది. రాజావారి కోట పక్క వీధిలో చీకటి పడేదాకా ఇదొక్కటే చేయించాను. అరుగు మీది ముసలాయన తెలుగులో ఒక సలహా, ఒడియాలో ఒక సలహా ఇచ్చాడు. రెండూ వేరువేరు.

పొద్దున్నే ఆంధ్రా వైపున్న పాతపట్నం బయల్దేరాం. దగ్గరే, దారి చదును. మొదటి రోజుకి అంతకంటే అక్కర్లేదు. వందలు ఖర్చుపెట్టి జెర్సీ కొననవసరం లేదు గానీ హెల్మెట్ మాత్రం పెట్టించాను. నేను వెనకే ఉన్నాను. ముందు వెళితే కొత్తవాళ్లు మన వేగం అందుకోవాలని చూసి ఆయాసపడతారు. మాట్లాడుతూ తొక్కగలిగితే అదే సరైన వేగం. మావాడు దారంతా ఆఫీసు రాజకీయాలు చెబుతూనే ఉన్నాడు, కాబట్టి బేఫికర్. కాసేపటికి బోర్డుల మీద ఒడియా పోయి తెలుగొచ్చింది. మనుషుల మాటలో మాత్రం ఏ తేడా లేదు. నీలమణి దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని, ఇడ్లీ తిని వెనక్కి తిరిగాం.

మర్నాడు గేర్ల పాఠం. గండాహతి జలపాతం దారి పట్టాం, అక్కడిదాకా వెళ్లే ఉద్దేశం నాకు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు నేర్చుకున్న సవర భాష ఈ కొండల పల్లెలదే. మొదటి ఎత్తులో మావాడు సగం ఎక్కాక, పెడల్ మీద నిలబడి బలంగా తొక్కుతూ గేర్ మార్చాడు. గొలుసు కరకరమని జారింది. పుల్లతో దాన్ని పళ్ల మీదికి ఎక్కిస్తూ చెప్పాను: ఎత్తు రాకముందే మార్చాలి, మార్చేటప్పుడు కాలి బరువు తగ్గించాలి. రెండో ఎత్తు దిగకుండా ఎక్కాడు. పైన ఓ కొట్లో వేడి బరా (మన గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీల కూర) పెట్టించాడు. షుగర్ మాట నేనెత్తలేదు.

"వచ్చే నెల గండాహతి తేల్చేద్దాం" అన్నాడు తింటూ.

ముందు గాలి పంపు కొనుక్కోమన్నాను.