రెండు చేతులూ జోడించి

మొన్న ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లొచ్చాను. మొక్కు తీరింది. అరచేతులు ఇంకా మండుతున్నాయి గానీ, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

చిన్నప్పుడే పోలియో. కుడికాలికి కాలిపర్, అంటే కాలిని నిలబెట్టే పట్టీల చట్రం, కింద బూటుతో సహా. చేతుల్లో రెండు చంకకర్రలు. పేరుకే చంకకర్రలు, బరువు చంకల మీద మోపామంటే నరం నొక్కుకుని చేతులు తిమ్మిరెక్కుతాయి. మోసేదంతా అరచేతులూ మణికట్లే. నిరుడు పెరట్లో తడిగచ్చు మీద కర్ర జారి ఎడమ మణికట్టు విరిగింది. ఎవరికైనా చెయ్యి విరిగితే పని ఆగుతుంది, నాకు నడకే ఆగిపోయింది. 6 వారాల కట్టు. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఆ రోజుల్లోనే మొక్కుకున్నాను. "ఈ చెయ్యి అతికితే నీ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడిస్తాను తండ్రీ" అని.

ఇదేం మొక్కు అనుకుంటారేమో. నిలబడ్డానంటే నా రెండు చేతులూ కర్రలవే. ఇన్నేళ్లూ గుళ్లలో తల వంచడమే నా దణ్ణం. కూర్చుంటే చేతులు జోడించొచ్చు, కానీ గర్భాలయం ఎదుట కూర్చోనిచ్చేదెవరు?

కంటిజబ్బులకీ చర్మవ్యాధులకీ అందరూ ఆదిత్యుడికి మొక్కుతారు. నాకు ఆయన దగ్గర చనువు మాత్రం అనూరుడి వల్ల. ఏడు గుర్రాల రథం తోలేవాడికి తొడలే లేవు కదా! చేతుల్లో పగ్గాలతోనే రోజూ పని కానిచ్చేస్తున్నాడు.

రథసప్తమికి వెళ్లే ధైర్యం లేక, అది దాటాక మాఘమాసంలోనే ఇంకో ఆదివారం పెట్టుకున్నాను. తోడు మా అక్క కొడుకు. విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సెక్కడమే నాకు సగం యాత్ర. ముందు కర్రలు లోపలికి అందించాలి, రాడ్డు పట్టుకుని ఎడమకాలు మెట్టు మీద వేయాలి, కాలిపర్ కాలిని చేత్తో పైకి లాక్కోవాలి. ఈలోగా వెనకనుంచి "తొందరగా ఎక్కమ్మా" అని ఒకరు. సీట్లో కూర్చుని మోకాలి దగ్గర లాక్ తీసేదాకా ఊపిరాడదు. శ్రీకాకుళంలో దిగి ఆటోలో గుడికి చేరేసరికి ఎండెక్కింది.

కాలిపర్ బూటు సంగతి ఇలాంటి కాలున్నవాళ్లకే తెలుస్తుంది. బూటు విప్పితే కాలిపరూ విప్పాలి, అది విప్పితే నేను నిలబడలేను. కుట్టుపని నాదే కాబట్టి తెల్లటి మందగుడ్డతో బూటుకో తొడుగు కుట్టుకున్నాను. గుళ్లకు తప్ప వాడను, వచ్చాక ఉతికి బీరువాలో పెడతాను. లోపలికి వెళ్లేచోట ఒకాయన "చెప్పులు బయట" అన్నాడు. కుచ్చిళ్లు కాస్త ఎత్తి తొడుగు చూపించి, "చెప్పు కాదు బాబూ, కాలు" అన్నాను. ఇక మాట్లాడలేదు.

లైన్లో నడవడం నిజానికి నాకు సుఖమే, పక్కన కడ్డీ ఉంటుంది. బాధంతా జనంతోనే. "ఓం ఆదిత్యాయ నమః" అనుకుంటూనే మోచేత్తో పొడుస్తారు! ఒకావిడ నా కర్ర మీద కాలేసి ఫోన్ మాట్లాడుతోంది. ఇంకొకావిడ పిల్లాడికి నన్ను చూపించి, "చుక్కలేయించుకోకపోతే ఇలాగే అయిపోతావు" అంది. అమ్మా, నీ కొడుకు పుట్టేసరికి దేశంలో పోలియో లేదు, 2014లోనే ప్రకటించారు. అందామనుకున్నాను. స్వామి ముందు నోరు పారేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

"పిన్నీ, వీల్‌చైర్ ఉందేమో అడగనా?" అన్నాడు మావాడు. వీల్‌చైర్ మీద నాకేం కోపం లేదు, కట్టు ఉన్న రోజుల్లో అదే దిక్కు. కానీ మొక్కు నిలబడే మొక్కు కదా. వద్దన్నాను. లోపలికొచ్చేసరికి తోపులాటలో వాడెక్కడో వెనకపడిపోయాడు.

కొబ్బరినీళ్లతో నేలంతా తడి. కర్రల కింద రబ్బర్లు కొత్తవే వేయించాను, అయినా గుండె దడ. గర్భాలయం ఎదుటికొచ్చాను. ఇక్కడ కడ్డీ లేదు. కర్రలు వదిలితే పడతాను, పట్టుకుంటే మొక్కు తీరదు. నా వెనకాల నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఎంతసేపట్నుంచి గమనిస్తోందో ఏమో, "ఏటమ్మా, దణ్ణం ఎట్టుకోవాలేటి?" అంది. తలూపాను. "ఆ కర్రలు నాకిచ్చి. నాను పట్టుకుంతాను, నువ్వెట్టుకో" అంటూ రెండూ చంకలో ఇరికించుకుంది. రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, తన బొజ్జకేసి నన్ను ఆనించుకుంది. వెనకవాళ్లు తోస్తున్నారు. ఆవిడ కదల్లేదు.

చేతులు జోడించాను. ఎడమ మణికట్టు కొంచెం వంకరగానే అతికింది, రెండు అరచేతులూ సరిగ్గా కలవవు. నల్లరాతి స్వామి, రెండు చేతుల్లోనూ తామరమొగ్గలు. ఆయన చేతులూ ఖాళీగా లేవు మరి! నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. మూడు సెకన్లో, నాలుగో. "కదలండి, కదలండి" మొదలైంది.

బయటికొచ్చి పుష్కరిణి దగ్గర కూలబడ్డాక మావాడు దొరికాడు. పులిహోర నోట్లో పెడుతూ "ఏం కోరుకున్నావు పిన్నీ?" అని అడిగాడు. కోరుకోవడమా? ఆ కంగారులో అసలు గుర్తే రాలేదు. పెద్దావిడ కోసం చుట్టూ చూశాను, ఎక్కడా లేదు. ఏ ఊరని కూడా అడగలేదు. లేవబోతూ చూసుకుంటే కర్రలు తారుమారుగా ఉన్నాయి. ఎడమదానికి పిడి దగ్గర గుడ్డ చుట్టుకుంటాను, అది కుడిచేతిలో ఉంది. తోపులాటలో ఆవిడ ఎలా అందిస్తే అలాగే పట్టుకుని అంతదూరం నడిచొచ్చేశాను.