57 అక్షరాల ముక్క కోసం: పెద్దపేగు కణితి ఆర్‌ఎన్‌ఏతో నా అనుభవం

పీహెచ్‌డీలో నాకు అప్పజెప్పిన పని వినడానికి తేలికే. పెద్దపేగు కణితినీ, అదే మనిషి పేగులో కణితికి దూరంగా ఉన్న మామూలు భాగాన్నీ పోల్చాలి. ఏ జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ఎంత తయారవుతోందన్న లెక్క ఒక్కటే చాలదు. అందులో ఏ ఎక్సాన్లు (ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు ఒకదానికొకటి అతుక్కునే జన్యువు ముక్కలు) ఉంటున్నాయి, ఏవి ఎగిరిపోతున్నాయి అన్నది, అంటే స్ప్లైసింగ్ కూడా చూడాలి.

ఆపరేషన్ రోజున ద్రవ నైట్రోజన్ డబ్బాతో కాచుకుని కూర్చునేదాన్ని. పాథాలజీ వాళ్లు ముక్క కోసి ఇవ్వగానే అందులో వేసెయ్యాలి. ఆర్‌ఎన్‌ఏని కొరికేసే ఎంజైములు మన చర్మం మీదా ఉంటాయి కాబట్టి గ్లవ్స్ మార్చలేక విసుగొచ్చేది.

ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ ఫలితాల్లో, స్ప్లైసింగ్ తేడా ఎక్కువున్న జన్యువుల్లో టీపీఎం1, సీఏఎల్‌డీ1, ఏసీటీఎన్1 పైన నిలిచాయి. ల్యాబంతా హుషారు. మా గైడ్ మేడమ్ మాత్రం, “కండరం ఎంతుందో చూశావా అమ్మా?” అన్నారు. ఈ మూడు జన్యువులకూ నునుపు కండరంలో ఒక రూపం, మిగతా కణాల్లో ఇంకో రూపం. మామూలు ముక్కలో పేగు గోడ కండరం ఎక్కువ పడి, కణితి ముక్కలో తక్కువుంటే చాలు, ఏ కణమూ స్ప్లైసింగ్ మార్చుకోకపోయినా బోలెడు తేడా కనిపిస్తుంది. కండరపు గుర్తులైన డెస్మిన్, ఎంవైహెచ్11 చూస్తే అవీ కణితిలో బాగా తక్కువే! ఆ మూడింటినీ పక్కన పెట్టేశాం. ఈ చూపు లేకుండా వచ్చే జాబితాలను నేను ఇప్పుడు సులువుగా నమ్మను.

కండరం లెక్క తీసేశాక కూడా నిలబడింది ఆర్‌ఏసీ1 అనే జన్యువు. 3బీ అనే అదనపు ఎక్సాన్ చేరితే అది ఆర్‌ఏసీ1బీ. ఆ ఎక్సాన్ 57 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు), ప్రొటీన్‌లో 19 అమైనో ఆమ్లాలు, అంతే. పెద్దపేగు కణితుల్లో ఇది ఎక్కువని 1999లోనే ప్రచురించారు, కాబట్టి మా నమూనాల్లోనూ తేలాలి.

ఆర్‌ఎన్‌ఏలోని ఆ భాగానికి డీఎన్‌ఏ కాపీలు తీసి, వాటిని పొడవును బట్టి విడదీయడానికి 3 శాతం అగరోజ్ జెల్ పోశాను. కింద చిక్కటి గీత (3బీ లేనిది), కాస్త పైన వెలవెలబోతూ ఇంకోటి (3బీ ఉన్నది). దాని పైన మూడోది! అదేం కొత్త రూపం కాదు. పొట్టి రూపం డీఎన్‌ఏ పోగూ పొడుగు రూపం పోగూ జతకట్టి, మిగిలిన ముక్క బయటికి ఉబ్బడంతో జెల్‌లో నెమ్మదిగా కదిలే హెటెరోడూప్లెక్స్. 3బీ లోపలే అతుక్కునే ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) తెప్పించాక ఒకే గీత వచ్చింది, సీక్వెన్స్ కూడా సరిపోయింది.

అయితే ఆ గీత అందరి కణితుల్లోనూ రాలేదు. బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వీ600ఈ అనే మార్పున్న కణితుల్లో ఆర్‌ఏసీ1బీ ఎక్కువని పాత పరిశోధన ఉంది. అందుకే ఆ మార్పు ఉందో లేదో చూడ్డానికి అవే నమూనాల డీఎన్‌ఏ తీసి పంపాం, ఫలితం రావాలి.