పసుపు ఉడికే రోజుల్లో మా బడి

ఫిబ్రవరి వచ్చిందంటే మా తరగతిలో సగం బెంచీలు ఖాళీ. నిజామాబాద్ జిల్లాలోని మా అంకాపూర్‌లో అది పసుపు తవ్వే కాలం. హాజరు పిలుస్తుంటే పేరు తర్వాత పేరుకు "రాలేదు సార్" అనే వినబడేది.

ఆ రాని వాళ్లలో నేనూ ఒకణ్ణి. తెల్లవారకముందే బాపుతో కల్లం దగ్గరికి పోయేవాణ్ణి. పెద్ద ఇనుప కడాయిలో పసుపు ఉడుకుతుంటే చలిగాలిలో ఆ వాసన ఊరంతా కమ్మేది. మంట చూసేది బాపు, ఉడికిందో లేదో తేల్చేది అవ్వ. ఒక కొమ్ము తీసి పుల్లతో గుచ్చి, మెత్తగా దిగితే "దించుండ్రి" అనేది. తర్వాత పది పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టి, కాడి (పొడుగు కొమ్ములు) వేరు, గోళ (గుండ్రటి దుంపలు) వేరు చేసి నిజామాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్లేవాళ్లం.

ఒక సాయంత్రం లెక్కల సారు కల్లానికే వచ్చారు. బడికి ఎందుకు రాలేదని అడగలేదు. "ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే ఎంతవుతుందిరా?" అన్నారు. "ఒక్క క్వింటా సార్" అని నాకంటే ముందు బాపు చెప్పాడు. "అయితే ఎంత శాతమో నువ్వు చెప్పు" అని సారు నా వైపు తిరిగారు. పుస్తకంలో ఎన్నాళ్లుగానో కొరుకుడుపడని శాతం ఆ కుప్ప ముందు అర్థమైపోయింది. నా చదువుకు అసలు మొదలు అక్కడేనని నమ్ముతాను.

మా ఊళ్లో లెక్క రాని మనిషి లేడు. జూన్‌లో పసుపు పెడితే సాళ్ల మధ్య మక్క వేసేవాళ్లు. పసుపు చేతికొచ్చేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది, అందాకా ఇల్లు నడిపేది మక్క. ఆ కంకుల్నే ఆర్మూరు రోడ్డు పక్కన మా చిన్నమ్మలు నిప్పుల మీద కాల్చి అమ్మేవాళ్లు. యాసంగిలో ఎర్రజొన్న. మనం తినే జొన్న కాదది, ఉత్తరాదిన పశువుల మేతకు విత్తనంగా పోతుంది. కొనేది వ్యాపారులే కాబట్టి విత్తకముందే ఊరు కూర్చుని ధర మాట్లాడేది. గ్రామాభివృద్ధి కమిటీ పిలిస్తే ఇంటికొకరు రావాల్సిందే. ఒక్కడే పోతే వ్యాపారి చెప్పిన ధర, ఊరంతా పోతే ఊరు చెప్పిన ధర అనేవాడు బాపు.

అలా కూర్చున్నా ధర రాని ఏళ్లున్నాయి. పసుపు, ఎర్రజొన్నలకు మద్దతు ధర కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో మా ప్రాంత రైతులు వరసకట్టి నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే వాళ్లలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైందని విన్నప్పుడు బాపు ఉంటే బాగుండు అనిపించింది.

ఇప్పుడు కల్లాల్లోకి ఆవిరి బాయిలర్లు వచ్చాయి. పుల్లతో గుచ్చి చూడటం మాత్రం అవ్వ దగ్గర నేర్చుకున్న మా వదినకు ఇంకా అలవాటే.

ఫిబ్రవరిలో బడి ఎగ్గొట్టిన వాళ్లమంతా ఈసారి అదే నెలలో, అదే బడిలో కలుస్తున్నాం. మా చెలకలో పసుపు ఇంకా తవ్వలేదు. ఒక్కరోజు ఆగమని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.