వెతకని చోటు

సుందరకాండ పారాయణ మొదలుపెట్టామని చెప్పేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. ఏ సర్గ, అంటే ఏ అధ్యాయం, ఎన్నిసార్లు చదివితే పని అవుతుంది? ఆ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. 68 సర్గలూ లెక్కపెట్టుకుంటూ, గడియారం చూసుకుంటూ పరుగెత్తితే, 12వ సర్గలో మన హనుమంతస్వామి దిగులుపడుతుంటే మనం ఆయన పక్కనుంచి వెళ్ళిపోయినట్టే. ఆ ఒక్కచోట కాసేపు ఆగండి.

అప్పటికి ఆయన లంకంతా గాలించాడు. రావణుడి భార్య మండోదరిని చూసి సీతమ్మే అనుకుని, సంతోషం పట్టలేక తోకను ముద్దుపెట్టుకున్నాడు. కాసేపటికి తనే తేరుకుని, రాముడికి దూరమైన తల్లి ఇలా అలంకరించుకుని నిద్రపోతుందా అని ఆ పొరపాటును సరిదిద్దుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ రాత్రి అక్కడ ఆయన్ని చూసే మనిషే లేడు. అయినా పరస్త్రీలను నిద్రలో చూశానే, ఇది ధర్మమేనా అని తన మనసును తనే నిలదీసుకున్నాడు. ఎవరూ చూడనిచోట మనం పని ఎలా చేస్తున్నామో ఒక్కసారి గుర్తుచేసుకుంటే చాలు, ఆ ఘట్టానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంత చేసినా అమ్మ కనబడలేదు. అప్పుడు వచ్చింది ఆ మాట, "అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్". ఇది చాలామందికి నోటికి వచ్చు. దిగులుపడకుండా ఉండటమే అనిర్వేదం అని అర్థం కూడా చెప్పేస్తారు. కానీ దాని వెంటనే వచ్చే పాదాన్ని వదిలేస్తారు. "భూయస్తావద్విచేష్యామి న యత్ర విచయః కృతః". ఎక్కడ ఇంకా వెతకలేదో అక్కడ వెతుకుతాను. నాకు ప్రాణం ఈ పాదమే. వెతికిన గదులే మళ్ళీ మళ్ళీ వెతుకుతానని ఆయన అనలేదు. ఓపిక ఉంది కదా అని ఒకే తలుపు పదిసార్లు తట్టడం పట్టుదల కాదని నాకు ఇక్కడే తెలిసింది. ఆ మాట అన్నాక రావణుడి అంతఃపురంలో నాలుగు అంగుళాల చోటు కూడా ఆయన వదల్లేదంటాడు వాల్మీకి. నాలుగు అంగుళాలు! మనం నాలుగు రోజులు ప్రయత్నించి, అన్నీ చేశానండీ, దేవుడే కరుణించలేదు అంటాం.

ఈ అనిర్వేదం అన్న మాట హనుమకు కొత్తది కాదు. కిష్కింధాకాండ 49వ సర్గలో, వెతికి వెతికి డీలాపడ్డ వానరులకు వాలి కొడుకు అంగదుడు చెప్పాడు. అనిర్వేదం, దక్షత, ఓడిపోని మనసు, ఇవే కార్యసిద్ధిని ఇస్తాయన్నాడు. కొన్ని సర్గలు తిరిగేసరికి సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయిందని ఆ అంగదుడే ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణం వదలడానికి, కూర్చున్నాడు. నేను అంగదుణ్ణి తప్పుపట్టను. చెప్పడం వేరు, నిలబడటం వేరు. హనుమకు కూడా ఆ మాట అనుకున్న మరుసటి సర్గలోనే మళ్ళీ నిరాశ వచ్చింది. 13వ సర్గ చదవండి. సీత కనబడలేదంటే రాముడు బతకడు, ఆయన లేకపోతే లక్ష్మణుడు ఉండడు, తర్వాత భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరులందరూ. ఒక్క పని కాకపోయేసరికి మనసు ఎంత దూరం పోయిందో చూడండి. మనం టెన్షన్ అంటున్నది ఇదే కదా. అంతటి బుద్ధిమంతుడికే వచ్చినప్పుడు, నాకెందుకు వచ్చిందని సిగ్గుపడకండి.

నా సంగతి ఒకటి చెప్పాలి. లెక్కలు రాసే ఉద్యోగం నాది. పని అంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారిన ఏడాది, నెలనెలా నా లెక్కల్లో తేడాలు వచ్చేవి. రాత్రిళ్ళు కూర్చుని అవే కాగితాలు తిరగేసేవాణ్ణి. పొద్దున పారాయణ, పగలు మాటలు పడటం. ఒకరోజు ఈ పాదం దగ్గర గొంతు ఆగిపోయింది. నేను వెతకని చోటు ఏది? పక్క బల్ల దగ్గర నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన అమ్మాయి ఆ పనంతా సునాయాసంగా చేస్తోంది. ఆమెను అడగడానికి నా వయసు అడ్డొచ్చింది. ఆరోజు వెళ్ళి, "అమ్మా, నాకు కాస్త నేర్పుతావా?" అన్నాను. "అయ్యో సార్, దానికేముంది, కూర్చోండి" అంది. మూడు వారాలు పట్టింది. చెప్పిందే మళ్ళీ అడిగినా ఆ తల్లి విసుక్కోలేదు.

అందుకే చెబుతున్నాను, ఒక్క సర్గే చదవండి, కానీ నిలబడి చదవండి. పని చెడినప్పుడు జాతకం తీసేముందు, ఇంకా చూడని చోటేదో చూసుకోండి. అది చాలాసార్లు మన అహంకారం కాపలా కాసే చోటే అయి ఉంటుంది. అడగని మనిషి, ఒప్పుకోని తప్పు, నేర్చుకోని విద్య.

హనుమ కూడా ఆ దిగులులోనే తలెత్తి చూశాడు. పెద్ద పెద్ద చెట్లతో అశోకవనం కనిపించింది. దీన్ని నేను వెతకలేదే అనుకున్నాడు. మనం పని కావాలని జపించే "నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ" అప్పుడు పుట్టింది. దేవతలందరికీ మొక్కి గోడ మీదికి దూకాడు. వనంలో ఆయన చెట్టు నుంచి చెట్టుకు పోతుంటే పూలు రాలి ఒళ్ళంతా కప్పేశాయి. పూలకొండలా వెలిగాడట. అమ్మ ఇంకా కనబడనేలేదు.