రిస్క్ రిజిస్టర్‌ను వారం ప్లాన్‌లోకి తెచ్చాం

నేను ప్లానింగ్ ఇంజినీరుని. మా నిర్మాణ ప్రాజెక్టులో రిస్క్ రిజిస్టర్ (ఏమేం చెడొచ్చో, అది ఎంత తీవ్రమో రాసుకునే జాబితా) దారి దానిది, పనుల ప్లాన్ దారి దానిది. డ్రాయింగుల ఆమోదం ఆలస్యం కావచ్చని రిజిస్టర్‌లో రాసి, పక్కన 'మధ్యస్థం' అని పెట్టారు. నెలకోసారి మేనేజర్లు చూసేవారు. స్లాబ్ పని చేయించే మేస్త్రీ దాకా ఆ మాట వచ్చేది కాదు.

రెండూ కలపడానికి లాస్ట్ ప్లానర్ పద్ధతిని పట్టుకున్నాం, అంటే సైట్‌లో పని చేయించేవాళ్లే కలిసి కూర్చుని వారం ప్లాన్ వేయడం. గ్లెన్ బలార్డ్, గ్రెగ్ హోవెల్ 1990లలో తయారుచేసింది ఇది. రాబోయే కొన్ని వారాల పనులు (మేం ఆరు పెట్టుకున్నాం) ముందే చూసి, ఒక్కోదానికి ఏం అడ్డం ఉందో రాసుకోవాలి: డ్రాయింగ్, మెటీరియల్, మనుషులు, యంత్రాలు. మేం ఇంకో ప్రశ్న కలిపాం. అన్నీ ఉన్నా, ఏది చెడొచ్చు?

ఆ ప్రశ్నతోనే అసలు మార్పు వచ్చింది. స్లాబ్‌కి పంపు బుక్ అయింది కాబట్టి పాత లెక్కలో అడ్డేమీ లేదు. కానీ కాంక్రీట్ వేస్తుండగా పంపు ఆగిపోతే? వేసినది గట్టిపడి కోల్డ్ జాయింట్ (పాత, కొత్త కాంక్రీట్ సరిగా కలవని అతుకు) వస్తుంది. అందుకని స్టాండ్‌బై పంపు మాట్లాడటం, ఆపాల్సి వస్తే జాయింట్ ఎక్కడ ఇవ్వాలో డిజైనర్‌ను అడిగి ఉంచుకోవడం రెండూ ప్లాన్‌లో పనులయ్యాయి, ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీతో. వానను మనం ఆపలేం. కురిస్తే చేయడానికి లోపలి పనులు సిద్ధంగా ఉంచాం.

సబ్ కాంట్రాక్టర్లు మొదట్లో నోరు విప్పలేదు. సమస్య చెబితే తప్పు తమ మీదకే వస్తుందని వాళ్ల టెన్షన్. అది న్యాయమైన భయమే. ముందే చెప్పిన సమస్యకు ఎవరినీ నిలదీయనని సైట్ మేనేజర్ మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు, అన్నట్టే నడుచుకున్నారు. ఆ తర్వాతే సెంట్రింగ్ మేస్త్రీ తన మనుషులు ఊళ్లకు వెళ్లబోతున్నారని ముందుగా చెప్పాడు. ఏ ఫారమ్ పెట్టినా ఆ కబురు వచ్చేది కాదని నా నమ్మకం.

వారం చివర, ఒప్పుకున్న పనుల్లో ఎంత శాతం పూర్తయ్యాయో చూస్తాం. మిగిలినవాటి కారణాలు తిరిగి రిజిస్టర్‌లోకి వెళ్తాయి. అలా చూస్తే డ్రాయింగుల ఆమోదమే మళ్లీ మళ్లీ తేలింది. దాన్ని 'మధ్యస్థం' నుంచి పైకి జరిపి, డిజైనర్‌ను కూడా ఈ మీటింగ్‌కి పిలుస్తున్నాం.

నిధులు, ధరల పెరుగుదల లాంటివి ఆరు వారాల చూపుకు అందవు. వాటిని రిజిస్టర్‌లోనే ఉంచి, మాస్టర్ షెడ్యూల్ (మొత్తం ప్రాజెక్టు కాలపట్టిక) మార్చినప్పుడల్లా తిరిగి చూస్తున్నాం.