నాలుగు లెక్కపెడితే ఒక ఊపిరి

నేను చెబుతుంటే మా పాప టైపు చేస్తోంది. రెండేళ్లు నాకు ఈ నోరు కూడా లేదు.

మామిడి చెట్టు మీంచి పడ్డాను. మెడలో రెండో పూస దగ్గర వెన్నుపాము దెబ్బతింది. తిరుపతిలో ఐసీయూ, గొంతులో గొట్టం, వెంటిలేటర్... అవన్నీ వదిలేయండి. మర్చిపోలేనిది ఒక డాక్టరు మాట. నా మంచం పక్కనే నిలబడి మా బావతో, "మైండ్ క్లియర్‌గా ఉంది, అదే ప్రాబ్లం" అన్నాడు. నేను వింటూనే ఉన్నాను సార్.

చిత్తూరులో ఇంటికొచ్చాక ఒక మే నెల రాత్రి గాలివానకు కరెంటు పోయింది. ఒంటిగంటన్నరకు ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మా ఇంటామె అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, గొట్టానికి తగిలించి నొక్కడం మొదలుపెట్టింది. నాలుగు లెక్కపెట్టి ఒక నొక్కు. కునుకొస్తే లెక్క ఆగేది. నేను నాలుకతో టక్కుమనేవాణ్ణి, ఉలిక్కిపడి మళ్లీ నొక్కేది. ఐదుంపావుకు ఫ్యాను తిరిగింది. అయినా కాసేపటిదాకా ఆమె బ్యాగు వదల్లేదు.

ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన కండరం డయాఫ్రమ్, ఛాతీ కింద ఉంటుంది. దాన్ని ఆడించే ఫ్రెనిక్ నరం మెడలో 3, 4, 5 పూసల దగ్గర బయల్దేరుతుందట. నా దెబ్బ దానికి పైన. మెదడు కబురు తెగినా నరం బతికే ఉండొచ్చు, బతికుంటే కరెంటుతో ఆడించొచ్చు. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో డాక్టర్ విలియం గ్లెన్ 1960లలోనే చేసిన పని. మాకు చెప్పింది ఏ పెద్ద డాక్టరూ కాదు, ఫిజియోథెరపీ కుర్రాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెన్నైలో మెడ దగ్గర చిన్న షాక్ ఇచ్చి చూశారు. రెండు వైపులా డయాఫ్రమ్ కదిలింది. నరాలకు ఎలక్ట్రోడ్లు, చర్మం కింద రిసీవర్లు పెట్టారు. వాటికి కబురు పంపే బ్యాటరీ డబ్బా బయటే, దాని యాంటెన్నా రింగులు చర్మం మీద అతికిస్తారు. పని లేక నీరసించిన కండరం కదా, మొదట్లో గంటకు కొన్ని నిమిషాలే. నెలలు పట్టింది. వెంటిలేటర్ ఇప్పటికీ మంచం పక్కనే ఉంది.

మెడ దెబ్బతో మీవాళ్లెవరైనా వెంటిలేటర్ మీదుంటే ఆ నరం టెస్టు అడగండి. నరం చచ్చిపోయుంటే ఇది పనికిరాదు. ఆ మాటైనా తెలియాలి కదా.

గొట్టానికి మూత పెట్టి ముక్కుతో గాలి పీల్చింది జూన్‌లో. గుజ్జు ఫ్యాక్టరీల తోతాపురి వాసన ఇంట్లోకి వస్తోంది. ఏడ్చాను. అమ్మ కాణిపాకం మొక్కు తీర్చుకుంది. నాకంత భక్తి లేదు, కానీ స్పేర్ బ్యాటరీలు మాత్రం వినాయకుడి పటం ముందే ఉంటాయి. చీకట్లో చెయ్యి తిన్నగా అక్కడికే పోతుందట, మా ఇంటామె అంటుంది.